బాట కూర్చినవాడి పరుగు

ఇంగ్లండు దక్షిణాన, సర్రే కొండల్లో ఒక అడవి. 2019 మార్చి నెలలో ఒక ఆదివారం, ఉదయం పదకొండు గంటలు కావస్తోంది. మోకాళ్ళ దాకా బురద, చేతిలో నలిగిపోయిన పటం, బొటనవేలికి దిక్సూచి, ఈ అలంకారాలతో పదేళ్ళ పిల్లవాడొకడు నా ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. ఆరవ గుర్తు కోసం ఇరవై నిమిషాలు వెతికాననీ, అక్కడ జెండా లేదనీ చెప్పాడు. ఆ పైన తల వంచుకొని, "నేను పటం సరిగానే చదివానా?" అని అడిగాడు.

సరిగానే చదివాడు. తప్పు నాది. ముందురోజు సాయంత్రం మసకవెలుతురులో, ఆ జెండాను వేలాడదీయవలసిన దిబ్బ దగ్గర కాక, దానికి ఎనభై మీటర్ల దూరంలో అచ్చం అలాగే ఉన్న మరో దిబ్బ దగ్గర వేలాడదీసి వచ్చాను. ఆ రోజు ఉదయమే నేను మారథాన్ సాధన కోసం ముప్ఫై కిలోమీటర్లు పరుగెత్తి ఉన్నాను. కాళ్ళు కొయ్యబారి ఉన్నాయి. బుర్ర కూడా కాళ్ళతో పాటే కొయ్యబారిందని ఆ క్షణాన నాకు తెలియలేదు.

ఆ బాట ఫలితాలను రద్దు చేశారు. నన్ను ఎవరూ నిందించలేదు. నిందించకపోవడం కూడా ఒక్కొక్కసారి బరువుగానే ఉంటుంది. ఆ రాత్రి నిద్రపట్టక, ఈ రెండు పనులూ ఒకే మనిషి ఒకే కాలంలో చేయగలడా, ఈ క్రీడను పుట్టించినవారూ పెంచినవారూ ఈ చిక్కును ఎలా దాటారు అని పుస్తకాలు తిరగవేయడం మొదలుపెట్టాను. అలా ఎన్నో రాత్రులు పోగుచేసుకున్న సంగతులే ఈ టపా. క్రీడాచరిత్ర మీద ఆసక్తి లేనివారు కూడా కాస్త ఓపిక పట్టి చదవమని మనవి. చివరికి ఇది ఆటల గొడవ మాత్రమే కాదు.

* * *

ముందు ఆట సంగతి. దీని పేరు ఓరియెంటీరింగ్. ఈ దేశం వచ్చేదాకా నేనూ ఆ మాట వినలేదు. అడవి పటం ఒకటి చేతికిస్తారు. అందులో వరుస సంఖ్యలతో కొన్ని చోట్లు గుర్తించి ఉంటాయి: ఒక గుంత, ఒక బండరాయి, ఒక చిన్న లోయ మొదలు, ఒక కంచె మూల. ప్రతి చోటా నారింజ, తెలుపు రంగుల మూడు పలకల జెండా వేలాడుతుంటుంది. ఒక్కొక్కరినీ కొద్ది నిమిషాల ఎడంతో వదులుతారు. ఆ గుర్తులన్నింటినీ వరుస తప్పకుండా చేరుకొని, ఎవరు తక్కువ కాలంలో తిరిగి వస్తే వారిది గెలుపు. ఒక గుర్తు నుంచి మరొక గుర్తుకు ఏ దారిన పోవాలో ఎవరూ చెప్పరు. కొండ ఎక్కి దిగడమా, చుట్టూ తిరిగి పోవడమా అన్నది పరుగెడుతూనే తేల్చుకోవాలి.

దీనికి తెలుగులో మాట లేదు. 'దిక్పరుగు' అందామంటే వైరిసమాసమని భాషాభిమానులు కొరడా ఝళిపిస్తారు. ప్రస్తుతానికి 'దారివెతుకు పరుగు' అనుకుందాం. ఇంతకంటే మంచి మాట తట్టినవారు పుణ్యం కట్టుకోండి. ఆ గుర్తులను ఎంచి, వరుస పెట్టి, జెండాలు కట్టే వ్యక్తిని నేను 'బాట కూర్పరి' అంటున్నాను. గడి నింపే అలవాటున్న మనవాళ్ళకు కూర్పరి అన్న మాట కొత్త కాదు. పోలిక కూడా సరిగ్గా కుదురుతుంది. గడిని కూర్చినవాడు ఆ గడిని నింపలేడు. జవాబులన్నీ అతనికి ముందే తెలుసు. అలాగే బాటను కూర్చినవాడు ఆ పోటీలో పరుగెత్తకూడదు. నియమం ఉన్నా లేకపోయినా, పరుగెత్తినా దానికి అర్థం లేదు.

ఇక నా సంగతి. మా నాన్నగారు యాభై నాలుగో ఏట గుండెపోటుతో పోయారు. నాకు నలభై దాటగానే వైద్యుడు రక్తపరీక్ష కాగితం చూసి, చక్కెర గీత అంచున ఉన్నావు, ఇటు ఉంటావో అటు పోతావో నీ ఇష్టం అన్నాడు. అప్పుడు మొదలైంది పరుగు. మొదట పార్కు చుట్టూ, తరువాత ఈ అడవుల్లో. ఆ ఏడాది ఏప్రిల్‌లో మారథాన్ పరుగెత్తడానికి పేరు నమోదు చేసుకున్నాను. నాలుగు గంటల లోపు పూర్తి చేయాలని సంకల్పం. పదహారు వారాల సాధన పట్టిక వంటింట్లో ఫ్రిజ్జు తలుపుకు అంటించుకున్నాను. సరిగ్గా అప్పుడే, ఆ అడవిలో ముప్ఫై ఏళ్ళుగా బాటలు కూర్చిన పెద్దాయన మోకాళ్ళు ఇక సహకరించడం లేదంటూ, ఈసారి నువ్వు చేస్తావా అని అడిగాడు. ఆయన కూర్చిన బాటల మీదనే నేను పటం చదవడం నేర్చుకున్నాను. కాదనడానికి నోరు రాలేదు.

* * *

ఓరియెంటీరింగ్ అన్న మాటకు పుట్టిల్లు స్వీడన్. 1886లో స్టాక్‌హోం దగ్గరి కార్ల్‌బెర్గ్ సైనిక విద్యాలయంలో, పటం, దిక్సూచి ఆధారంగా తెలియని నేలను దాటిపోవడమన్న అర్థంలో ఈ మాటను వాడారు. 1893 మే 28న స్టాక్‌హోం దండులోని అధికారులు తమలో తాము ఒక పోటీ జరుపుకొన్నారు. సామాన్యులకు తలుపు తెరచిన మొదటి పోటీ మాత్రం నార్వేలో జరిగింది. 1897 అక్టోబరు 31న, నేటి ఓస్లో నగరం దగ్గర, చాల్వె అనే క్రీడాసంఘం దాన్ని నడిపింది. పాల్గొన్నవారు ఎనిమిది మంది, దారిలో గుర్తులు మూడు. పేడెర్ ఫోస్సుమ్ అన్నవాడు గెలిచాడు.

ఇదంతా బీజం. మొలకెత్తించినవాడు స్వీడన్ సైన్యంలో మేజరు, బాలచరుల నాయకుడు, ఎర్న్‌స్ట్ కిలాండర్. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే నాటికి ఆయన స్టాక్‌హోం క్రీడాసంఘాల సమాఖ్యకు నాయకత్వం వహిస్తున్నాడు. మైదానంలో పరుగుపందేలకు వచ్చే యువకుల సంఖ్య తగ్గిపోతూ ఉండడం ఆయనను కలవరపెట్టింది. ఒకే వలయం చుట్టూ తిరగడం కుర్రవాళ్ళకు విసుగు పుట్టిస్తోంది. నగరం చుట్టూ అడవులు ఉండనే ఉన్నాయి. సైనికుల పటం చదువును పరుగుతో ముడివేస్తే విసుగు పోతుందని ఆయనకు తోచింది. 1919 మార్చి 25న స్టాక్‌హోం పొలిమేరలోని నాకాలో ఆయన జరిపిన పోటీకి రెండు వందల మందికి పైగా వచ్చారు. ఆ తరువాత కూడా ఆయన ఊరుకోలేదు. బాటలు ఎలా ఉండాలి, గుర్తులు ఎక్కడ పెట్టాలి, ఏ వయసువారికి ఎంత దూరం అన్న సూత్రాలను ఒక్కొక్కటిగా రూపొందిస్తూ పోయాడు. స్కాండినేవియాలో నేటికీ ఆయనను ఈ క్రీడకు పితామహుడంటారు. 1925 నాటికి యతెబొరి నగరంలో స్త్రీలకు కూడా పోటీ జరిగింది.

ఈ సంగతి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. బాట కూర్పు నా పరుగును దొంగిలిస్తోందని అప్పటిదాకా నాలో ఒక ఉక్రోషం ఉంది. కానీ ఈ క్రీడ పుట్టిందే పరుగును బతికించడానికి! పరుగెత్తేవాళ్ళు తగ్గిపోతున్నారని దిగులుపడిన మనిషి, పరుగెత్తడానికి ఒక కారణం కల్పించాడు. ఆ కారణం పేరే బాట. దాన్ని ఎవరో ఒకరు కూర్చకపోతే పరుగెత్తేవాళ్ళు మళ్ళీ ఆ వలయం చుట్టూ తిరగవలసినదే.

స్వీడన్ అడవి పరుగుకు చేసిన మేలు అక్కడితో ఆగలేదు. 1930లలో గోస్తా హోల్మేర్ అనే శిక్షకుడు ఫార్ట్‌లెక్ అనే సాధనాపద్ధతిని రూపొందించాడు. ఆ మాటకు వేగంతో ఆట అని అర్థం. అడవిదారిలో కాసేపు జోరుగా, కాసేపు నిదానంగా, ఎత్తు వస్తే ఊపిరి బిగబట్టి, పల్లం వస్తే వదిలేసి, కాలం కొలవకుండా నేల చెప్పినట్లు పరుగెత్తడం. ఫిన్లండు పరుగువీరుల చేతిలో వరుసగా ఓడిపోతున్న స్వీడన్‌కు అది ఊపిరి పోసింది. 1942 వేసవిలో మూడు నెలలు తిరగకుండానే పది ప్రపంచ రికార్డులు నెలకొల్పిన గుండెర్ హెగ్ అడవిబాటల్లో సాధన చేసినవాడే. ఈ ఫార్ట్‌లెక్ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

* * *

కిలాండర్ కాలపు కూర్పరికీ నాకూ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. అది పటం.

ఆనాడు వాళ్ళ చేతిలో ఉన్నవి సైన్యం వారి పటాలు. స్కేలు 1:1,00,000. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద ఒక కిలోమీటరు. అటువంటి పటంలో చిన్న గుంతా చిన్న దిబ్బా కనిపించే అవకాశమే లేదు. అందుచేత గుర్తులను ఏ పొలం ఇంటి దగ్గరో, చెరువు కొసనో, కొండ నెత్తినో పెట్టవలసి వచ్చేది. గుర్తులు తక్కువ, వాటి మధ్య దూరం ఎక్కువ. కష్టమంతా పరుగెత్తేవాడి ఊపిరితిత్తులది. నాలుగు చోట్లు ఎంచి మనుషులను నిలబెడితే కూర్పరి పని చాలా వరకు అయిపోయేది.

1930లలో స్వీడన్‌కు చెందిన చెల్‌స్ట్రోమ్ సోదరులు, గున్నార్ టిల్లాండర్ కలిసి, పటం మీద ఆనించి కోణం కొలుచుకోగల పారదర్శకమైన పలక దిక్సూచిని తయారుచేశారు. సిల్వా అన్న పేరుతో అది లోకమంతా పాకింది. 1950లో నార్వేలో, ఈ క్రీడ కోసమే ప్రత్యేకంగా గీసిన రంగుల పటం వచ్చింది. 1961 మే 21న కోపెన్‌హాగెన్‌లో పది దేశాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్యను ఏర్పరచుకొన్నాయి. 1966లో ఫిన్లండులోని ఫిస్కార్స్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. పురుషుల్లో నార్వేకు చెందిన ఓగె హాడ్లర్, స్త్రీలలో స్వీడన్‌కు చెందిన ఉల్లా లింద్‌క్విస్ట్ గెలిచారు. నేడు అడవి పటాల స్కేలు 1:15,000 లేదా 1:10,000. సమోన్నత రేఖల మధ్య ఎడం సాధారణంగా అయిదు మీటర్లు. నడుమెత్తు దిబ్బ కూడా పటంలో ఒక గోధుమరంగు చుక్కగా కనిపిస్తుంది.

పటం ఎంత సూక్ష్మమైతే కూర్పరి పని అంత పెరిగింది. పటంలో దిబ్బ ఉంది గనుక దిబ్బ మీద గుర్తు పెట్టవచ్చు. పెట్టవచ్చు గనుక, అది సరైన దిబ్బేనా అని వెళ్ళి చూడాలి. ఆనాడు పరుగెత్తేవాడి ఊపిరితిత్తుల మీద ఉన్న భారంలో కొంత, వందేళ్ళలో మెల్లగా జరిగి కూర్పరి కాళ్ళ మీదికి వచ్చింది.

నా లెక్క చెబుతాను. ఏడు బాటలు, దాదాపు డెబ్భై చోట్లు. మొదట బల్ల దగ్గర కూర్చొని కంప్యూటరులో గీతలు గీసుకోవాలి. తరువాత ప్రతి చోటుకూ వెళ్ళి, అది పటంలో ఉన్నట్లే ఉందా, జెండా కనీకనబడకుండా కాక న్యాయంగా కనబడుతుందా అని చూసి, కొమ్మకు ఒక పట్టీ కట్టాలి. పరీక్షకుడనే మరొక అనుభవజ్ఞుడు వచ్చి ప్రతి పట్టీనీ సరిచూస్తాడు. ఆయన వద్దన్న చోట్లు మార్చి మళ్ళీ తిరగాలి. పోటీ ముందురోజు జెండాలు కట్టాలి. పోటీనాటి ఉదయం మరొకసారి చూడాలి. అందరూ ఇళ్ళకు వెళ్ళాక అన్నీ విప్పుకొని రావాలి. ఒక్కొక్క చోటికి తక్కువలో తక్కువ నాలుగు ప్రయాణాలు. అదీ జనవరి, ఫిబ్రవరి నెలల్లో. భూర్జవృక్షాలు ఆకు రాల్చి నిలుచుంటాయి, ఎండిన ఫెర్ను పొదలు కాళ్ళకు చుట్టుకుంటాయి, సాయంత్రం అయిదు కాకుండానే చీకటి పడుతుంది.

వీటికి తోడు నియమాలు. పరుగెత్తేవాడు ఒక గుర్తు దగ్గరికి వచ్చిన దారినే తిరిగి పోయేలా బాట కూర్చరాదు. పోయేవాడిని చూసి వచ్చేవాడు జెండా కనిపెట్టేస్తాడు. గెలుపు అదృష్టం మీద కాక నైపుణ్యం మీద ఆధారపడాలి. బాట మొత్తం మీద ఎక్కవలసిన ఎత్తు, అనువైన దారి పొడవులో నాలుగు శాతం మించకుండా చూడమంటుంది అంతర్జాతీయ నియమావళి. ఒక మీటరు ఎత్తు ఎక్కడం పది మీటర్లు పరుగెత్తడంతో సమానమని కూర్పరులు లెక్కవేసుకుంటారు. ఈ లెక్కకు కూడా ఒక పూర్వికుడున్నాడు. 1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు, గంటకు మూడు మైళ్ళ చొప్పున నడక, రెండు వేల అడుగుల ఎత్తుకు మరొక గంట అని సూత్రం చెప్పాడు. కొండల్లో నడిచేవాళ్ళు నేటికీ దానినే తలుచుకుంటారు.

అయితే సూత్రాలన్నీ చేతిలో ఉన్నా, ఆ నిటారు వాలు మీద అలసిన మనిషికి ఏమనిపిస్తుందో, ఎడమకు తిరిగి దారి పట్టుకోవాలని ఎప్పుడు బుద్ధి పుడుతుందో, ఊపిరి అందని స్థితిలో పటం మీది ఏ గీత కంటికి ఆనదో, ఇవన్నీ తాను పరుగెత్తినవాడికే తెలుస్తాయి. పరుగు మానేసిన కూర్పరి బాటలు నెమ్మదిగా నడిచేవాడి బాటలవుతాయి. నా సాధన నాకోసం మాత్రమే కాదు, బాట కోసం కూడా అవసరమే. చిక్కంతా ఇక్కడే ఉంది. పరుగు లేనిదే మంచి కూర్పు లేదు. కూర్పు పరుగును తినేస్తుంది.

* * *

ఈ చిక్కు గురించి ఆలోచిస్తున్నప్పుడు నాకు తారసపడిన మనిషి క్రిస్ బ్రాషర్.

1954 మే 6న ఆక్స్‌ఫర్డులోని ఇఫ్లీ రోడ్డు మైదానంలో రోజర్ బ్యానిస్టర్ మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. నాలుగు నిమిషాల గోడ కూలిన రోజది. ఆ పరుగులో మొదటి రెండు చుట్లకు పైగా ముందు నడిచి వేగాన్ని నిలిపినవాడు బ్రాషర్; అతని తరువాత క్రిస్ చాటవే. తాను గెలవడానికి కాదు, వెనుక వస్తున్నవాడు గెలవడానికి బ్రాషర్ ఆ రోజు పరుగెత్తాడు. వాళ్ళిద్దరి వేగం సరిగ్గా కుదరకపోతే ఆ సాయంత్రం చరిత్రలో ఉండేది కాదు.

మరి అతని సొంత పరుగు ఏమయింది? రెండేళ్ళకు, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మూడు వేల మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో అందరికంటే ముందు గీత దాటాడు. నార్వేకు చెందిన పరుగువీరుడు లార్సెన్‌కు అడ్డం వచ్చాడంటూ మొదట అతన్ని అనర్హుడిగా ప్రకటించారు. అప్పీలు చేశాక నిర్ణయం మారింది. బంగారు పతకం అతనికే దక్కింది. మరుసటి ఏడు అతను అదే నార్వేలో దారివెతుకు పరుగులో పాల్గొని, ఆ క్రీడ గురించి అబ్జర్వర్ పత్రికలో ఉత్సాహంగా రాశాడు. 1962లో స్వీడన్ నుంచి బ్యారన్ లాగర్‌ఫెల్ట్ వచ్చి స్కాట్లండులో పోటీలకు అంకురార్పణ చేశాడు. 1960ల మధ్యలో బ్రాషరూ, అతని మిత్రుడు జాన్ డిస్లీ దక్షిణ ఇంగ్లండులో ఈ క్రీడకు పాదు కట్టారు. డిస్లీ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో అదే స్టీపుల్‌చేజ్‌లో కంచు పతకం గెలిచినవాడు. వీరితో పాటు గోర్డన్ పిరీ, మార్టిన్ హైమన్ వంటి ఒలింపిక్ పరుగువీరులు కూడా మైదానం వదిలి అడవిలోకి వచ్చారు. బ్రిటన్‌లో ఈ క్రీడకు పునాదిలో రాళ్ళెత్తినవాళ్ళలో ఇంతమంది పరుగెత్తేవాళ్ళే కావడం యాదృచ్ఛికం కాదు. 1967లో బ్రిటిష్ సమాఖ్య ఏర్పడింది.

కథ అక్కడితో ముగియలేదు. 1979లో బ్రాషర్, డిస్లీ ఇద్దరూ న్యూయార్క్ మారథాన్‌లో పరుగెత్తారు. తిరిగి వచ్చాక, లండన్‌లో ఇటువంటి పండుగ సాధ్యమా అని బ్రాషర్ పత్రికాముఖంగా ప్రశ్నించాడు. జవాబు కూడా వాళ్ళే వెతుక్కొన్నారు. 1981 మార్చి 29న మొదటి లండన్ మారథాన్ జరిగింది. థేమ్స్ నదిని ఆనుకొని సాగే ఆ దారిని గీసినవాడు డిస్లీ. అడవి పటాలు చదివిన కన్ను నగర పటం మీద పడింది. ఆ రోజు వానలో అమెరికాకు చెందిన డిక్ బియర్డ్‌స్లీ, నార్వేకు చెందిన ఇంగె సిమొన్సెన్ చేతులు కలుపుకొని ఒకేసారి గీత దాటారు. వేలమంది సామాన్యులు వాళ్ళ వెనుక వచ్చారు. అప్పటి నుంచి ఆ నది ఒడ్డున పరుగెత్తినవాళ్ళు లక్షల మంది. బ్రాషర్ 2003లో, డిస్లీ 2016లో కన్నుమూశారు.

మనకు పితృఋణం, ఋషిఋణం అని కొన్ని ఋణాలు చెప్పారు. పుట్టించినవారికి తిరిగి ఇవ్వలేం గనుక పిల్లలకు ఇస్తాం. చదువు చెప్పినవారికి తిరిగి చెప్పలేం గనుక మరొకరికి చెబుతాం. బ్యానిస్టర్‌కు వేగం నిలిపిన బ్రాషర్ ఒకనాడు తన పతకం తాను తెచ్చుకొన్నాడు, తరువాత మళ్ళీ ఇతరుల బాటకు తిరిగి వచ్చాడు. రెండింటినీ ఒకేరోజు చేయలేదు. నేను చేసిన తప్పు అది. ఒకే శనివారంలో ఉదయం నా పరుగు, సాయంత్రం ఇతరుల బాట. రెండు పనులకూ చెరి సగం పంచడమే సమతూకం అనుకొన్నాను. తక్కెడ ఒక్క రోజులో తూగదు. ఏడాది పొడవునా, ఒక్కొక్కసారి జీవితం పొడవునా చూస్తేనే తూగుతుంది.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. పోటీనాటి ఉదయం జెండాలను పరీక్షకుడూ నేనూ సగం సగం పంచుకొని చూశాం. ఆరవ గుర్తు నా వాటాలోది. దూరం నుంచే నారింజరంగు కనబడింది. ఉంది కదా అనుకొని, దగ్గరికి వెళ్ళకుండా వెనుతిరిగాను. కారణం కాళ్ళ నొప్పి. జెండా ఉంది, నిజమే. ఉండవలసిన చోట లేదు.

* * *

మారథాన్ 4 గంటల 11 నిమిషాల్లో ముగించాను. అనుకొన్నదానికంటే పదకొండు నిమిషాలు ఎక్కువ. అడవిలో పోయిన ఆదివారాలను లెక్కగట్టి ఆ పదకొండు నిమిషాలను వాటి ఖాతాలో రాసుకొని కొన్నాళ్ళు గింజుకున్నాను. "ఇంతకీ మీరు పరుగు కోసం అడవికి వెళ్తున్నారా, అడవి కోసం పరుగు మానేస్తున్నారా?" అని మా ఆవిడ అడిగింది. ఆ నాటికి నా దగ్గర జవాబు లేదు.

2020 మార్చిలో మహమ్మారి వచ్చి పోటీలన్నీ ఆగిపోయాయి. 2021 శరత్కాలానికి మళ్ళీ బాట కూర్చమని అడిగినప్పుడు, ఈసారి కొన్ని షరతులు నాకు నేనే పెట్టుకొన్నాను. ఆ ఏడాది మారథాన్ ఊసెత్తలేదు. చోట్లు చూడడానికి వెళ్ళిన ప్రతిసారీ ఒక గుర్తు నుంచి మరొక గుర్తుకు పరుగెత్తుకుంటూ వెళ్ళాను. అక్కడ ఆగి, చూసి, పట్టీ కట్టి, మళ్ళీ పరుగు. పైన చెప్పిన హోల్మేర్ గారి ఫార్ట్‌లెక్ ఇదే కదా అని రెండో వారానికి గాని నాకు వెలగలేదు. బాట కూడా బాగుపడింది, ఎందుకంటే ప్రతి దారినీ రొప్పుతూ చూశాను. అయితే జెండాలు కట్టే రెండు రోజులూ మాత్రం పరుగు లేదు. నడక, నెమ్మదిగా. ప్రతి చోటా పటం తీసి, దిక్సూచి ఆనించి, చుట్టూ ఉన్న రెండు మూడు ఆనవాళ్ళతో సరిచూసి, చేత్తో తాకి చూసిన తరువాతే మరొక చోటుకు. ఆ రెండు రోజుల పరుగు నాది కాదు, వచ్చేవాళ్ళది.

అడవిలో నేర్చిన పరుగు మైదానంలో పనికిరాదని అనుకొనేవాళ్ళకు ఒక్క ఉదాహరణ. డెన్మార్కుకు చెందిన కార్‌స్టెన్ యోర్గెన్సెన్ 1997లో దారివెతుకు పరుగులో ప్రపంచ రిలే విజేత జట్టులో ఉన్నాడు. అదే సంవత్సరం యూరోపియన్ క్రాస్‌కంట్రీ పరుగులో కూడా అతనే విజేత. మనం యోర్గెన్సెన్‌లం కాలేం, నిజమే. కానీ గుర్తుకూ గుర్తుకూ మధ్య చేసిన పరుగు వృథా కాదన్న ధైర్యం నాకు చాలు. 2022 వసంతంలో మారథాన్‌ను 4 గంటల 2 నిమిషాల్లో ముగించాను. ఆ రెండు నిమిషాలు ఇంకా బాకీ ఉన్నాయి. చక్కెర గీతకు ఇటువైపే ఉన్నాను.

మొన్న చలికాలంలో మరొకరు కూర్చిన బాట మీద పరుగెత్తడానికి వెళ్ళాను. ఎప్పటిలాగే దారి తప్పాను, ఎప్పటిలాగే చివరి వరుసల్లో వచ్చాను. తిరిగి వస్తుండగా ఆ బాట కూర్పరి కారు వెనుక తలుపు ఎత్తి, దాని కింద కూర్చొని, తడిసిన బూట్లు విప్పుకొంటూ కనిపించింది. పాతికేళ్ళ అమ్మాయి, మంచి పరుగువీరురాలు. ఆ చలికాలమంతా తన పోటీలు మానుకొని మా కోసం ఈ అడవిలో తిరిగిందని అందరికీ తెలుసు. ఇంతకు ముందైతే తల ఊపి వెళ్ళిపోయేవాణ్ణి. ఆగి, అన్ని జెండాలూ ఉండవలసిన చోటనే ఉన్నాయి, తప్పిపోయింది నేనేనని చెప్పాను.

ఆమె నవ్వి, "పదకొండో గుర్తు దగ్గరే కదా?" అంది.

పదకొండో గుర్తు దగ్గరే.